సర్వరుపై ఖాతాదారుల పుస్తకము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు సెలవిచ్చిన పిమ్మట కంప్యూటరును గూర్చి మాటలాడుటకు మాకు అవకాశమొసగిన కార్యనిర్వాహకవర్గమునకు మేము కృతజ్ఞులము. విషయము శుష్కమని కొందరికి తోచవచ్చును. కాని అంగడి నడుపుకొని బ్రదుకు కుటుంబములకు ఇది అన్నోదకములకు సంబంధించిన విషయమే. కావున కొంచెము సేపు చెవియొగ్గి వినవలసినదిగా ప్రార్థించుచున్నాము.

మన పెద్దలకు రెండు పుస్తకములుండెడివి. ఒకటి గల్లాపెట్టెపై నుండెడి చిట్టా ఆవర్జాలు. రెండవది వారి తలలోనే యుండెడిది. ఏ యూరి రైతు ఏ నెలలో వచ్చును, ఎవని మాట నమ్మి అరువీయవచ్చును, ఎవనికి నిరుడు ఇచ్చిన సరకు చెడిపోయినందున ఈ యేడు బదులీయవలసియున్నది – ఈ పద్దులన్నియు రెండవ పుస్తకమందే యుండెడివి. మొదటి పుస్తకమును కుమారుల చేతిలో పెట్టి పోయిరి. రెండవది వారితోనే పోయినది. నేడు దాని స్థానమును గుమాస్తా జేబులోని సెల్‌ఫోను ఆక్రమించినది. గుమాస్తా కొలువు మానిన దినముననే ఖాతాదారుల నంబర్లును, వారితో జరిగిన బేరములును, వారికిచ్చిన మాటలును గడప దాటిపోవుచున్నవి.

టాలీ మొదలగు లెక్కల సాఫ్టువేరులు మొదటి పుస్తకమునకు సాటి. రెండవ పుస్తకమును అంగడి ఆస్తిగా నిలుపుటకు ఏర్పడినదే ‘కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్’, క్లుప్తముగా సి.ఆర్.ఎం., అను సాఫ్టువేరు.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 1993వ సంవత్సరమున అమెరికాలో సీబెల్ సిస్టమ్స్ అను సంస్థ వెలసి పెద్ద కంపెనీలకు ఇట్టి సాఫ్టువేరు నమ్మజొచ్చినది. 1999లో స్థాపితమైన సేల్స్‌ఫోర్స్ సంస్థ, సర్వరు కొననక్కరలేకయే ఇంటర్నెట్టు ద్వారా అద్దెకు వాడుకొను పద్ధతిని వ్యాపింపజేసినది. మన చెన్నపట్టణమున పెరిగిన జోహో సంస్థ 2005 నుండి అట్టి సేవనే యొసగుచున్నది. 2004లో అమెరికాయందే పుట్టిన షుగర్ సి.ఆర్.ఎం. మాత్రము తన మూలరచనను ఎల్లరును చూచి మార్చుకొనుటకు అనుమతించినది. ఆ సంస్థ క్రమముగా ఆ త్రోవ విడచుచుండగా, స్కాట్లండుకు చెందిన సేల్స్ ఎజిలిటీ వారు 2013లో ఆ మూలమును గైకొని స్యూట్ సి.ఆర్.ఎం. అను పేర కొనసాగించిరి. ఇది ఏ.జి.పి.ఎల్. అను లైసెన్సు క్రింద ఉచితముగా లభించును.

అద్దెసేవకును సొంత సర్వరునకును గల తారతమ్యము అద్దెయింటికిని సొంతయింటికిని గలదే. అద్దెయింట కప్పు కురిసినచో యజమాని చూచుకొనును. నెల తిరుగగనే అద్దె చెల్లింపవలెను. సొంతయింట అద్దె లేదు. కప్పు కురిసినచో మనమే నిచ్చెన వేసికొనవలెను. సొంత సర్వరుపై స్యూట్ సి.ఆర్.ఎం.ను నిలుపుకొనువారికి ఉపకరించు సంగతులనే నేడు మనవి చేయుచున్నాము.

సర్వరనగా వెరువనక్కరలేదు. ఇతర కంప్యూటర్లు అడిగినదానిని రేయింబవళ్లు అందించుచుండు కంప్యూటరే సర్వరు. దానిపై లైనక్సు, అపాచీ, పి.హెచ్.పి., మరియాడీబీ అను నాలుగును ఉండిన చాలును, నాలుగును ఉచితములే. ఉచితమనగా ఖర్చు లేదని యర్థము కాదు. కరెంటు పోయినపుడు ఆదుకొను యు.పి.ఎస్., దుమ్ము చేరని గది, కొత్త సంచిక వచ్చినపుడెల్ల సరిచూచు మనిషి – వీని ఖర్చు తప్పదు. ఈ వసతులు అంగడిలో లేనిచో డేటా సెంటరునందు సర్వరును అద్దెకు గైకొనుట మేలు. ఎచ్చట నున్నను సమాచారపు భాండాగారమగు డేటాబేసు ఇంటర్నెట్టులో బయటివారికి నేరుగా కనబడరాదు.

ఇక అమరిక వేఱు, మార్పు వేఱు అని గ్రహింపవలెను. సాఫ్టువేరులో ముందే యున్న మీటలను మనకు తగినట్లు త్రిప్పుకొనుట అమరిక. అందు లేనిదానిని చేర్చుట మార్పు. మొదట అమరికను ముగింపక మార్పునకు పూనుకొనుట గోడలు లేవక ముందే సున్నము కొట్ట బూనుట వంటిది.

అమరికలో నాలుగు పనులు ముఖ్యములు. ఒకటి, నాణెము. డాలరు పోయి రూపాయి రావలెను. రెండు, తేదీ. విదేశపు రీతిలో నెల ముందు వచ్చును. 07-08 అని వ్రాసినచో అది ఆగస్టు 7వ తేదీయో, జూలై 8వ తేదీయో తెలియక గ్యారంటీ గడువు తగవులాటకు దిగును. మూడు, లిపి. డేటాబేసును యు.టి.ఎఫ్.8.ఎం.బి.4 అను పద్ధతిలో నిలిపినచో తెలుగు అక్షరములు చెదరక నిలుచును. నాలుగు, క్రాన్ అను కాలసేవకుడు. నిమిషమున కొకమారు వీనిని మేల్కొలుపునట్లు సర్వరుపై ఏర్పాటు చేయవలెను. లేనిచో ఫలానా దినమున గుర్తుచేయుమని మనము చెప్పిన ఆజ్ఞలన్నియు నిద్రించుచుండును. సాఫ్టువేరు పనిచేయుట లేదని వచ్చు ఫిర్యాదులకు ఈ చిన్న లోపము తరచుగా కారణమగుచుండును.

మార్పులకు ఉదాహరణముగా బోరు మోటార్ల అంగడి నొకదానిని గైకొందము. రైతు వచ్చి ధర యడిగి పోయినాడు. ఇది సాఫ్టువేరు భాషలో ‘లీడ్’. బేరము కుదురునట్లు తోచినపుడు అది ‘ఆపర్చ్యూనిటీ’ యగును. కొన్న మనిషి ‘కాంటాక్టు’. మోటారు కాలిపోయినదని వచ్చిన ఫిర్యాదు ‘కేసు’. ఇవన్నియు సిద్ధముగానే యున్నవి. లేనివి ఏవి? మోటారు సీరియల్ నంబరు, హార్స్‌పవరు, బోరు లోతు, గ్యారంటీ ముగియు తేదీ, ఆ రైతును అంగడికి పంపిన మెకానిక్కు పేరు. ఈ కడపటిదే ముఖ్యము. మోటార్ల వ్యాపారమున రైతునకు అంగడిని చూపువాడు మెకానిక్కు. ఒక మెకానిక్కు ఎందరిని పంపెను, వారిలో ఎందరి మోటార్లు ఏడాదిలోపల తిరిగి వచ్చెను అని తెలిసినచో ఎవరిని ఆదరింపవలెనో యజమానికి దానంతట అదే తేటపడును.

స్టూడియో అను పనిముట్టుతో ఇట్టి గడులను ప్రోగ్రాము వ్రాయకయే చేర్చవచ్చును. కాని జాగ్రత్త వలయును. గడి యొక్క జాతిని – అంకెయా, అక్షరమా, తేదీయా – ఒకమారు నిర్ణయించిన పిమ్మట స్టూడియోలో మార్చుటకు వీలులేదు. ఫోను నంబరు అంకెలతో నున్నను అది లెక్క కాదు. దానిని అక్షరజాతి గడిలోనే ఉంచవలెను. హార్స్‌పవరు వంటివానిని చేతితో వ్రాయనీయక, జాబితానుండి ఎంచుకొనునట్లు చేయవలెను. ఒకడు ‘5’ అనియు, ఒకడు ‘అయిదు’ అనియు, మరియొకడు ‘5 హెచ్.పి.’ అనియు వ్రాసినచో వానిని కూడి లెక్కచెప్పుట యంత్రమునకు దుర్ఘటము. ప్రోగ్రాము వ్రాయువాని సాయము తప్పనిసరియైనచో, వాని వ్రాతలన్నియు ‘కస్టమ్’ అను ప్రత్యేకపు అరయందే యుండవలెనని ముందే షరతు చేసికొనవలెను. మూలగ్రంథమునే దిద్దినచో మరుసటి సంచిక వచ్చినపుడు ఆ దిద్దుబాట్లు తుడుచుకొనిపోవును. తుడుచుకొనిపోవునను భయముచే కొత్త సంచిక వేయుట మానినచో దొంగలకు ద్వారము తెరచినట్లగును.

సాఫ్టువేరు వేయించిన మొదటి నెలలో ప్రతివారికి గడులపై మోజు పుట్టును. ఇదియు నుండవలెను, అదియు నుండవలెను అని నలుబది గడులు చేర్చుదురు. రెండవ నెలలో గుమాస్తాకు విసుగు పుట్టును; ప్రతి గడిలోను ఒక చుక్కయో, ఒక గీతయో పెట్టి ముందుకు సాగును. మూడవ నెలలో ఆ పుస్తకమును ఎవరును తెరువరు. కాబట్టి గడిని చేర్చుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని ఎవరు వ్రాయుదురు? ఎప్పుడు వ్రాయుదురు? దీనిని చూచి మనము చేయబోవు పని యేమి? మూడింటికిని సమాధానము లేని గడి వలదు. మార్పు చేయగల శక్తి కంటె మార్పు చేయకుండు వివేకమే ఇచ్చట ఎక్కువ లాభకరము.

పాత పుస్తకములనుండి పేర్లను ఎక్కించునపుడు కూడ తొందర కూడదు. ఒకే మనిషి ‘వెంకటేశ్వర్లు’ అనియు, ‘వెంకటేశులు’ అనియు, ఇంగ్లీషు అక్షరములలో మూడు విధములుగను వ్రాయబడియుండును. ముందు ఫోను నంబర్లను పదియంకెల తీరునకు తెచ్చి, నంబరును బట్టి ఒకటే యైనవానిని కలుపవలెను. అట్లని నంబరు కలిసినంతనే మనిషి యొక్కడే యనుకొనరాదు. ఇంటిల్లపాదికి ఒకే ఫోనున్న కుటుంబములు పల్లెలలో నేటికిని గలవు. అట్టి చోట మనిషి చూచియే తీర్పు చెప్పవలెను.

ఇక ఒక మాట. ఇది కులసంఘ సభ గనుకనే దీనిని ఇచ్చట చెప్పుట మా విధి యని తలచుచున్నాము. ఖాతాదారుని కులము అను గడి మన పుస్తకములలో ఉండరాదు. మన సంఘము మన బిడ్డల చదువునకు పూనుకొనుట వేఱు; అంగడి మెట్టెక్కినవానిని కులమడిగి అరువీయుట వేఱు. పైన చెప్పిన మూడు ప్రశ్నలను ఈ గడికి వేసి చూడుడు. దానిని చూచి మనము చేయబోవు పని యేమి? ఒకనికి ధర తగ్గించి మరియొకనికి హెచ్చించుటయా? ఒకనిని కూర్చుండబెట్టి మరియొకనిని నిలువబెట్టుటయా? త్రాసునకు కులము తెలియదు. దాని ననుసరించి బ్రదికెడి మన పుస్తకమునకును తెలియనక్కరలేదు.

ధర్మము చెప్పినదానినే నేడు చట్టమును చెప్పుచున్నది. 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము ప్రకారము, సమ్మతి గైకొని సేకరించు సమాచారము చెప్పిన ప్రయోజనమునకు అవసరమైనంతవరకే యుండవలెను. భద్రతకు తగిన జాగ్రత్తలు గైకొననివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించు అధికారము అందు గలదు. ఆ చట్టపు నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. అవి దశలవారీగా అమలునకు వచ్చును. చిన్న అంగడి కదా యని ఉపేక్షింపరాదు.

కాపుదలకు సాధనములు సాఫ్టువేరులోనే గలవు. ఎవరు చూడవచ్చును, ఎవరు దిద్దవచ్చును, ఎవరు తుడిచివేయవచ్చును అని ‘రోల్’ అను అధికారపట్టికలో వేరువేరుగా నిర్ణయింపవచ్చును. అందు ‘ఎక్స్‌పోర్టు’ అనునది మిక్కిలి ప్రమాదకరము. దానిచే ఖాతాదారుల పట్టిక యంతయు ఒక్క క్షణములో బయటికి పోవును. అది యజమాని చేతిలోనే యుండవలెను. కొలువు మానినవాని ప్రవేశమును ఆ దినముననే నిలుపుదల చేసి, వాని ఖాతాదారులను వేఱొకరికి అప్పగింపవలెను. వాని పేరును తుడిచివేయరాదు. వాడు వ్రాసిన పద్దులకు సాక్షి వాడే కదా.

ప్రతిరాత్రి డేటాబేసునకును, అందు చేర్చిన కాగితముల ఫైళ్లకును నకలు తీయవలెను. ఒక నకలు వేఱొక చోట నుండవలెను. సర్వరు ప్రక్కనే యున్న నకలు, ఇల్లు కాలినపుడు ఇంటితోపాటే కాలును. అప్పుడప్పుడు ఆ నకలును వేఱొక యంత్రముపై తెరచి చూడవలెను. తెరచి చూడని నకలును నమ్ముకొనుట విత్తనము మొలకెత్తునో లేదో చూడక పొలమంతయు చల్లుట వంటిది.

సోదర సోదరీమణులారా! గల్లాపెట్టెవద్ద కూర్చుండు మనిషి అకస్మాత్తుగా గతించిన యిండ్లు మనలో లేకపోలేదు. పదునొకండవ దినము గడచిన పిమ్మట భార్యయో, కుమార్తెయో అంగడి తాళము తీయును. రావలసిన బాకీ ఆవర్జాలో కనబడును. ఎవరికేమి మాట యిచ్చిరో మాత్రము కనబడదు. ఖాతాదారు వచ్చి ‘అయ్యగారు బాగుచేయించి యిచ్చెదమనిరి’ అని చెప్పిన యెడల అది నిజమో కాదో ఆమె కెట్లు తెలియును? నమ్మినచో నష్టపోవునేమో యని భయము. నమ్మనిచో తరతరముల పేరు పోవునేమో యని భయము. సరిగా అమర్చిన పుస్తకమున్నచో ఆమె నంబరు వ్రాసి చూచి, ‘ఔను, మీకు మాట యిచ్చినారు, ఇదిగో తేదీ’ అని చెప్పగలదు. ఆ యొక్క వాక్యము చెప్పగల శక్తి ఆమెకుండుటకే ఈ శ్రమ యంతయు.

కావున రెండు విన్నపములు. అంగడి యజమానులు ఈ యేడు పది గడులకు మించని పుస్తకముతో ప్రారంభింపుడు. ప్రతిదినము సాయంకాలము తలుపు వేయుటకు ముందు ఆ దినపు మాటలను అందు వ్రాయింపుడు. మన విద్యానిధి సాయమున కంప్యూటరు విద్య నేర్చిన యువతీయువకులు ఏడాదికి నాలుగు దినములైనను చిన్న అంగళ్లకు పోయి, అడిగినవారి కెల్లరకు, ఏ కులమువారైనను సరే, ఈ యమరికను చేసి చూపుదురు గాక. నిధికి తీర్పదగిన ఋణము ఇంతకంటె వేఱొకటి లేదు.