మీ పిల్లి బొమ్మని రెండు రోజులకే ఎందుకు వదిలేస్తోంది?

ఈ వారం ఇన్‌బాక్స్‌లో వచ్చిన ఒక మెసేజ్ చదువుతా. "అన్నా, మా పిల్లి తెల్లారగట్ల నాలుగింటికి లేచి నా కాళ్లు కొరుకుతోంది. కర్టెన్లు చింపేసింది. నెలాఖరులోగా పిల్లిని పంపించేయమని ఓనర్ ఆంటీ అంటోంది. ఛార్జింగ్ బాల్ కొన్నా, రెండు రోజులు ఆడి వదిలేసింది. ఇంకేం కొనాలి?"

ముందే చెప్తున్నా, ఇంకేమీ కొనకండి. ముందు ఆ బాల్ ఎందుకు ఫెయిల్ అయిందో చూద్దాం.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం కదా. పిల్లి వైపు నుంచి చూస్తే చెలగాటం కూడా సీరియస్ పనే. బొమ్మ వెనక పరిగెడుతున్నప్పుడు దాని బుర్రలో నడిచేది వేట ప్రోగ్రామే. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీలో సారా హాల్, జాన్ బ్రాడ్‌షా దీని మీద పని చేశారు. 1998లో వచ్చిన వాళ్ల పేపర్ ప్రకారం ఆకలి మీదున్న పిల్లులు బొమ్మలతో ఇంకా గట్టిగా ఆడాయి. ఉత్త సరదానే అయితే కడుపు కాలుతున్నప్పుడు ఎవరైనా ఆడతారా చెప్పండి? 2002 పేపర్ మనకి ఇంకా ఇంపార్టెంట్. ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ ఇస్తే మూడోసారికే ఇంట్రెస్ట్ బాగా పడిపోయింది. వేరే బొమ్మ పెట్టగానే మళ్లీ విజృంభించాయి. అంటే ఆడే ఓపిక అయిపోలేదు, ఆ బొమ్మ మీద విసుగొచ్చిందంతే. ఎంత కొట్టినా, కొరికినా ఏ మార్పూ రాని వస్తువు తినే వస్తువు కాదని పిల్లి తేల్చేసుకుంటుంది.

ఇప్పుడు మీ బాల్ సంగతి. కోడింగ్ తెలిసినవాళ్లకి ఒక్క ముక్కలో అర్థమైపోతుంది, అదొక వైల్ లూప్. తిరుగుతుంది, గోడకి తగులుతుంది, వెనక్కి వస్తుంది. దాని లాజిక్ మొత్తం మీ పిల్లి రెండు రోజుల్లో క్రాక్ చేసేసింది. పైగా ఆ బాల్ చాలాసార్లు పిల్లి మీదకే దొర్లుకుంటూ వస్తుంది. ఏ ఎలుకైనా పిల్లికి ఎదురొస్తుందా?

అందుకే నా ఓటు ఎప్పుడూ కర్రకి కట్టిన ఈకకే. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేదంటే కొబ్బరి ఈనెలు నాలుగు కలిపి కట్టండి, చివర దారం, దారానికి ఒక ఈకో గుడ్డపీలికో, అయిపోయింది. అసలు టాలెంట్ ఆడించే చేతిలో ఉంది. మొహం ముందు ఊపకండి, మరీ దగ్గరున్నవి పిల్లికి మసకగా కనిపిస్తాయి. ఎరుపు రంగు కూడా దానికి సరిగ్గా ఆనదు కాబట్టి రంగు చూసి డబ్బులు పెట్టొద్దు. దాని కన్ను పట్టేది కదలికని. బొమ్మని దాని నుంచి దూరంగా లాగండి. సోఫా చాటుకి పోనివ్వండి. ఆపండి. కొస మాత్రం కొంచెం కదపండి. పిల్లి కదలకుండా చూస్తూ కూర్చుంటే "ఆడట్లేదు" అని కర్ర పక్కన పడేస్తారు చాలామంది. అది పొంచి ఉండటం బాస్! వేటలో సగం అదే.

ఒక్కో పిల్లికి ఒక్కో టేస్ట్. మా బూందీ బల్లి బ్యాచ్. గాల్లో ఈక ఎగరేస్తే ఆవలిస్తుంది, గోడ వారగా తాడు పాకిస్తే మాత్రం పిచ్చెక్కిపోతుంది. మీది బాల్కనీలో పావురాలని చూసి పళ్లు టకటకలాడిస్తుందా? అయితే ఈక పైకే ఎగరాలి.

లేజర్ గురించి అందరూ అడుగుతారు. పరుగు బాగానే పెట్టిస్తుంది, కానీ పంజాలోకి ఏమీ రాదు. 2021లో పిల్లి ఓనర్లని అడిగి చేసిన ఒక సర్వేలో, లేజర్ ఎక్కువగా వాడే ఇళ్లలో నీడల వెంట, వెలుతురు వెంట పడటం లాంటి అలవాట్లు ఎక్కువగా కనిపించాయి. సర్వే కాబట్టి లేజర్ వల్లే అని ఖాయంగా అనలేం. వాడితే కంట్లో పడకుండా చూసుకోండి, చివర్లో చుక్కని ఒక నిజం బొమ్మ మీద ఆపి దాన్ని పట్టుకోనివ్వండి. ఫోన్‌లో చేపలు ఈదే యాప్‌లకీ ఇదే కండిషన్.

ఇక నాలుగు గంటల అలారం. పిల్లులు తెల్లవారుజామున, సాయంత్రం యాక్టివ్‌గా ఉండే జంతువులు, అది మార్చలేం. టైమింగ్‌తో సర్దుకోవచ్చు. మీరు పడుకునే ముందు పది నిమిషాలు ఆడించండి, ఆఖర్లో బొమ్మ దానికి దొరకాలి, వెంటనే రాత్రి తిండి పెట్టండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర... దాని వరస అదే. పది నిమిషాలతో ఏమవుతుంది అనుకోకండి. ఇంగ్లండ్‌లోనే ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు 2021లో బయట తిరిగి వేటాడే పిల్లుల మీద చూశారు. రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడిస్తే అవి ఇంటికి పట్టుకొచ్చే వేట 25 శాతం తగ్గింది. మీ కాళ్లు కూడా ఆ వేట లిస్టులోవే. కాళ్లు కొరికినప్పుడు లేచి తిండి పెట్టారంటే మాత్రం రోజూ నాలుగింటికే లేపుతుంది, అది మీరే నేర్పినట్టు. ఓనర్ ఆంటీని ఇంకో నెల టైమ్ అడగండి. అలవాటు మారడానికి కొన్ని వారాలు పడుతుంది.

మీరు ఆఫీసుకెళ్లినప్పుడు? కోడిగుడ్ల అట్ట ట్రే గుంటల్లో డ్రై ఫుడ్ గింజలు వేసి, పైన కాగితం ఉండలు పెట్టేయండి. వెతుక్కుని తింటుంది. బొమ్మలన్నీ ఒకేసారి నేల మీద పరచొద్దు. మూడు బయట, మిగతావి బీరువాలో. కొన్ని రోజులకోసారి మార్చండి.

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. ఆట అయ్యాక దారం కట్టిన బొమ్మ కచ్చితంగా లోపల పెట్టేయాలి. పిల్లి నాలుక మీద ముళ్లు గొంతు వైపు తిరిగి ఉంటాయి, నోట్లోకి వెళ్లిన దారాన్ని ఊసేయడం దానికి కష్టం. మింగితే పేగులు ముడతలు పడి కోసుకుపోతాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది, ప్రాణమే పోవచ్చు. దారం నోట్లోంచో వెనక నుంచో వేలాడుతూ కనిపిస్తే లాగొద్దు, కత్తిరించొద్దు, నేరుగా వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. రబ్బర్ బ్యాండ్లు, పూలదండ దారాలు, సంక్రాంతికి మిగిలిన మాంజా... ఇవాళే ఒకసారి ఇల్లంతా వెతకండి.

లిటర్ బాక్స్ గురించి అడిగినవాళ్లకి వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటా మరి, బూందీ కర్ర నోట కరుచుకుని వచ్చేసింది!