తలాంతు: ఒక మాట తూకము



"టాలెంట్" అను ఇంగ్లీషు మాట నేడు మన ఇండ్లలో తెలుగు మాటవలెనే చెల్లుచున్నది. పాట పాడు పిల్లకు టాలెంట్ ఉన్నదందుము. పరీక్ష తప్పిన పిల్లవానికి లేదందుము. ఈ మాట పుట్టుపూర్వోత్తరములు ఎరిగినచో మనము అంత సుళువుగా తీర్పు చెప్పజాలము.

గ్రీకులో "తాలంతొన్" అనగా మొదట త్రాసు. పిమ్మట త్రాసులో తూచిన బరువునకు, అంత బరువుగల వెండికి ఆ పేరే వచ్చినది. ఏథెన్సు తాలంతొన్ సుమారు 26 కిలోలు. విలువ 6,000 ద్రాక్మాలు. మోయుట, తూచుట అను అర్థముగల ఒకే ప్రాచీన ధాతువునుండి ఈ మాటయు, సంస్కృతములోని "తులా" శబ్దమును పుట్టినవని భాషావేత్తలు చెప్పుదురు. బంగారము తూచు తులము మనమెరిగినదే. కనుక టాలెంట్ మనకు దూరపు చుట్టమే.

మత్తయి సువార్త 25వ అధ్యాయములో యజమానుడు ముగ్గురు దాసులకు 5, 2, 1 చొప్పున తలాంతులు అప్పగించెను. ఎవరి సామర్థ్యమునుబట్టి వారికిచ్చెనని అక్కడ ఉన్నది. అనగా సామర్థ్యము వేరు, తలాంతు వేరు. తలాంతు యజమానుని సొమ్ము. ఈ ఉపమానమును దేవుడిచ్చిన వరములకు అన్వయించి బోధించుటవలన, 15వ శతాబ్దము నాటికి ఇంగ్లీషులో ఆ మాటకు సహజమైన నేర్పు అను అర్థము ఏర్పడినది. అర్థము మారినప్పుడు మనము ఒకటి మరచితిమి. సొమ్ము అన్నంతకాలము లెక్క అడుగు యజమానుడు జ్ఞాపకముండెను. నేర్పు అనగానే "ఇది నాది" అంటిమి.

ఆ కాలమున ఒక దేనారము ఒక దినపు కూలి. తలాంతు అనగా దాదాపు 6,000 దినముల కూలి, ఇంచుమించు 20 ఏండ్ల కష్టార్జితము! ఒక్క తలాంతు పొందినవాడును పేదవాడు కాడు. భయపడి పాతిపెట్టెను, అంతే.

"మాకేమి టాలెంట్ ఉన్నదండీ" అని వెనుక బల్లమీద కూర్చుండు తల్లులారా, రోగి మంచమువద్ద మీరు మేలుకొనిన రాత్రులను ఎవరు తూచగలరు? ఈ నూరేండ్లు సంఘమును మోసినవారిలో వేదికమీద ఎన్నడును కనబడనివారు ఎందరో ఉన్నారు. ఆ మాట వేరులోనే మోయుట ఉన్నది.

కావున పరీక్ష తప్పిన బిడ్డతో "నీకు టాలెంట్ లేదు" అనకుడి. వాని చేతిలో ఏమి ఉంచబడినదో ప్రక్కన కూర్చుండి వెదకుడి. పాతిపెట్టకుండ వానికి ధైర్యము చెప్పుట మన పని.