నల్లపొగ బలం కాదు

మిత్రులారా, మన బడి వదిలాక నేను ట్రాక్టరు మెకానిక్‌నయ్యాను. పాత బండి తెచ్చిన రైతులు అడిగేది ఒకటే: "అన్నా, పంపు స్క్రూ తిప్పి బలం పెంచు."

డీజిలు ఎక్కువ పోస్తే చాలదు, అది కాలడానికి గాలి కావాలి. మనది ఎత్తు ప్రాంతం. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 2,300 అడుగులు. ఇక్కడ గాలి పలచన, టర్బో లేని ఇంజనుకు ఆ మేరకు బలం తగ్గుతుంది. కాలని డీజిలు నల్లపొగై పోతుంది. వేడి ముదిరితే పిస్టన్లే దెబ్బతింటాయి.

అందుకే ముందు ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించండి. డీజిలు ఫిల్టరు, నాజిళ్ళు, వాల్వు గ్యాపు, చివరికి కంప్రెషన్ చూపించండి. తగ్గిన బలం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

35 హార్స్‌పవర్ బండి 35 ఇస్తే చాలు. దుక్కి మధ్యలో ఇంజను కూర్చుంటే పోయేది రైతు పంట.