వైద్యుని బండి వచ్చులోపల

పశువునకు జబ్బుచేసినప్పుడు పల్లెలో మనిషి చేయగల పనులు చిరకాలము రెండే. నడువగలిగిన పశువైనచో పలుపు పట్టుకొని ఆస్పత్రికి తోలుకొని పోవుట. నడువలేనిదైనచో డాక్టరుగారికి కబురు పంపి దారి చూచుచు కూర్చుండుట. జ్వరము తగిలిన దూడ ఎట్లో ఆస్పత్రి గుమ్మము చేరును. ఈని పడిపోయిన ఎనుమును పన్నెండు కిలోమీటర్లు ఎవరు మోయగలరు? వైద్యము మిక్కిలి అవసరమైన పశువునకే వైద్యము అందకుండెను.

ఈ విపరీతమును సరిచేయుటకు సంచార పశువైద్య శకటములు వచ్చినవి. తెలంగాణలో 2017లో నూరు బండ్లు బయలుదేరినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మే నెలలో 175, 2023 జనవరిలో మరి 165 రోడ్డెక్కినవి. 1962 అను నంబరునకు ఫోను చేసినచో కబురందును. డాక్టరు, సహాయకుడు, డ్రైవరు, మందులు, పేడను రక్తమును పరీక్షించు కొద్దిపాటి సరంజామా, పడిన పశువును ఎత్తి ఎక్కించుకొను లిఫ్టు, ఇవి అన్నియు ఒక్క బండిలో నుండును.

మా గ్రామీణ కార్యక్రమము కొరకు ఇట్టి బండిలో మేము రెండు దినములు తిరిగితిమి. ఊరి పేరు చెప్పము. వానకు మొగము వాచిన మెట్టప్రాంతమని చెప్పిన చాలును. బండిని గూర్చి చెప్పవలెనని వెళ్లితిమి. తిరిగి వచ్చి రికార్డు చేసిన మాటలు వినుచుండగా, అందులో బండిని గూర్చిన మాటలకంటె బండి రాకముందు గడచిన గంటను గూర్చిన మాటలే ఎక్కువగా నున్నవి.

మొదటి దినము ప్రొద్దున ఒక వితంతువు ఇంటినుండి పిలుపు వచ్చెను. ఎనుము ఈని రెండు దినములైనది. తెల్లవారి చూచునప్పటికి పడియున్నది. మేము వెళ్లునప్పటికి అది మెడను డొక్కవైపు త్రిప్పి పెట్టుకొని, చెవులు చల్లబడి, కన్నులు మూతలు పడుచు నుండెను. డాక్టరుగారు చెవిని పట్టి చూచి, “ఏమన్నా తాపినారా అమ్మా?” అని అడిగిరి.

“ఏమీ తాపలేదు సామీ.”

గోడకు చేరవేసిన వెదురుగొట్టము ఇంకను తడిగా నుండుట మాకు కనబడెను. ఆయనకును కనబడియే యుండును. ఏమియు అనక, కాల్షియము సీసాను తీసి, మెడలోని నరమునకు సూది గ్రుచ్చి, మందును మెల్లగా వదలసాగిరి. ఒక చేత సీసా, ఒక చేత గుండె చప్పుడు విను గొట్టము. ఈ మందు వేగముగా పోయినచో గుండె ఆగునట. సీసా సగమగునప్పటికి ఎనుము త్రేన్చెను, పేడవేసెను. అరగంటలో వెనుకకాళ్లు కూడదీసికొని లేచి నిలువబడెను. చూడవచ్చిన వారందరు ఒక్కసారి నిట్టూర్చిరి. పాలజ్వరము మాన్పుట పశువైద్యములో మిక్కిలి కనులపండువైన పని అని విని యుంటిమి. ఆ దినము చూచితిమి.

అంతలో ఎనుము దగ్గెను. మరల దగ్గెను. డాక్టరుగారు ఆమెవైపు చూచిరి.

“పక్కింటాయన అల్లమూ బెల్లమూ కాంచి పొయ్యమన్నాడు సామీ. తిడతారని చెప్పలేదు.”

పాలజ్వరముతో పడిన పశువునకు గొంతు పట్టు తప్పును, అది మ్రింగలేదు. మనము దయతో పోసిన కషాయము కడుపులోనికి గాక ఊపిరితిత్తులలోనికి పోవును. లేవనెత్తదలచిన పశువును మనమే ముంచివేసినట్లగును. దానికి వేరుగా సూదులు వేయవలసి వచ్చెను. ఆ సూదుల మందు పాలలోనికి దిగును గనుక, తాను చెప్పిన దినములు గడచువరకు ఆ పాలు కేంద్రమునకు పోయవలదని డాక్టరుగారు చెప్పిరి. “పాలు పొయ్యకుంటే బ్యాంకోళ్లకు ఏం కట్టేది?” అని ఆమె అడిగెను. ఆ ప్రశ్నకు బండిలో మందు లేదు.

పది దినముల తరువాత ఫోను చేసితిమి. ఎనుము మేత మేయుచున్నదట. పాలు తగ్గినవట.

ఫోను మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. మేము ఎనుము అన్నది కోస్తావారికి గేదె, తెలంగాణమువారికి బర్రె. ఫోను ఎత్తువారు ఏ ప్రాంతమువారో చెప్పలేము. “ఎనుము పడింది” అనినచో జబ్బుతో పడినదా, బావిలో పడినదా? ఒక పర్యాయము బండివారు మోకులు వెదకికొని, తీరా వెళ్లి చూడగా ఎనుము కొట్టములోనే యున్నదట. మేము రేడియోవారము, మాటల ఈ తగాదా మాకు క్రొత్తది కాదు. కాని ఇక్కడ ఒక ప్రాణము ఆ మాటపై ఆధారపడి యున్నది. ఈని ఎన్ని దినములైనది, మేత ఎప్పుడు మానినది, పేడ వేసినదా, నిలువగలదా, నోట ఏమి పోసితిమి, ఈ సంగతులు చెప్పగలిగినవారి యింటికి డాక్టరు సగము సిద్ధపడి వచ్చును. అన్నిటికంటె కష్టముగా బయటపడునది కడపటి సంగతి. నాటుమందు పోయుట తప్పని కాదు. దాచుట వలన కీడు కలుగును. తిట్టునట్టి డాక్టరు వద్ద ఎవరైనను దాతురు అని కూడ చెప్పవలెను.

గొఱ్ఱెల కాపరి కథ వేరు. 2019 పశుగణన ప్రకారము తెలంగాణలో గొఱ్ఱెలు సుమారు 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు. దేశములో మొదటి రెండు స్థానములు మనవే. ఈ మందలు నిలుకడగా ఒకచోట నుండునవి కావు. బండి ఊరికి వచ్చును గాని మంద ఊరిలో నుండదు.

ఆ కాపరి ఏడు గొఱ్ఱెలను ఒక్క పూటలో పోగొట్టుకొనెను. జొన్న కోసిన చేనిలో మోళ్లకు పిలకలు వచ్చినవి. వాన లేక అవి వాడినవి. లేత జొన్నలో, అందును బెట్టకు వాడిన పిలకలలో, సైనైడు జాతి విషముండును. ఎక్కువగా మేసిన జీవము నిమిషములలో ఊపిరాడక కొట్టుకొని పడిపోవును. విరుగుడు సూది కలదు. కాని అది ఆ నిమిషములలోనే పడవలెను. ఆయన ఫోను చేసెను. బండి ఇరువది కిలోమీటర్ల దూరమున వేరొక ఊరిలో నుండి యేబది నిమిషములలో వచ్చెను. ఆ దారులు చూచినవారు దానిని ఆలస్యమనరు. అప్పటికి ఏడును చచ్చినవి. మిగిలినవానిలో ఊపిరి ఆడుచున్న నాలుగింటిని సూదులు కాపాడినవి.

మేము బండిని గూర్చి అడుగగా ఆయన, “బండిని నేనేమీ అనను సామీ. ఆ పిలకల్లోకి తోలింది నేనే” అనెను. తెలియదా అని అడిగితిమి. జొన్న ఎన్ను తీయువరకు మేపరాదని ఆయన తండ్రి చెప్పెనట. “తెలుసు. ఆ యేడు గడ్డి యాడుంది?” ఆ మాట మీదట మేము రికార్డరు ఆపివేసితిమి. ఇట్టివారికి జాగ్రత్తలు చెప్పు కార్యక్రమములు మేము ఎన్నియో చేసితిమి. ముందు కొంత ఎండుమేత పెట్టి, ఆకలి చల్లార్చి, తరువాత తోలుమని చెప్పుదుము. ఎండుమేత లేనివానితో ఏమి చెప్పవలెనో మా కాగితములలో వ్రాసి యుండదు.

బండిపై ఫిర్యాదులు లేకపోలేదు. మేము తిరిగినది పగటిపూట మాత్రమే నడచును. పశువులు రాత్రులందును ఈనును. అంతకంటె పెద్దది మరునాటి సమస్య. పొదుగువాపునకు సూదులు వరుసగా కొన్ని దినములు వేయవలెను. బండి ఈ దినము వచ్చును, రేపు వేరొక ఊరికి పోవును. “మొదటి సూది ఊరికే, రెండో సూదికి ఆటో కిరాయి” అని ఒక రైతు నవ్వుచు చెప్పెను. నవ్వినను లెక్క తప్పు చెప్పలేదు.

కోళ్ల విషయము వేరు. కొక్కెరతెగులు టీకా సీసా నూరు కోళ్లకు సరిపడునది. కలిపిన తరువాత నిలువ యుండదు. ఐదు కోళ్లుగల అవ్వ కొరకు దానిని విప్పలేరు. వీధి వీధంతయు కలిసి, తెల్లవారుజామున గంపలు ఎత్తకముందే కోళ్లను పట్టి యుంచవలెను.

రెండవ దినము సాయంకాలము బండి తిరిగి పోవుచుండగా పండ్రెండేండ్ల పిల్లవాడొకడు అడ్డము వచ్చెను. ఇది ఆవుల బండి గదా, కుక్కను చూతురా అని వాని సందేహము. మూడు దినముల క్రిందట ఎక్కడినుండియో వచ్చిన కుక్క వాని కుక్కను కరచెనట. వాడు గాయము కడిగి పసుపు పెట్టుచున్నాడు. డాక్టరుగారు కుక్కను చూడకముందు వాని చేతులు చూచిరి. వ్రేలిపై గీత యున్నది. సబ్బుతో పదునైదు నిమిషములు కడిగించి, తల్లిని పిలిపించి, కుక్కకు సూది వేయకముందే ఆమెచేత పిల్లవానిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొని పోవుదునని మాట తీసికొనిరి. పిచ్చి బయటపడిన తరువాత మనిషికైనను కుక్కకైనను మందు లేదు.

తరువాత కుక్కకు మొదటి సూది వేసి, వేరుగా కట్టివేయుమనిరి. ఇంకను నాలుగు సూదులు కావలెను. మూడవ, ఏడవ, పదునాలుగవ, ఇరువదియెనిమిదవ దినములందు. ఆ దినములలో బండి ఎక్కడ నుండునో ఆయనకే తెలియదు. తన ఫోను నంబరు వ్రాసి యిచ్చిరి. మేము బండి యెక్కునప్పటికి పిల్లవాడు బొగ్గుతో గోడమీద ఐదు తేదీలు వ్రాసి, మొదటిదానిని కొట్టివేసి, తల్లివెంట ఆటో కొరకు నడచుచుండెను.