మళ్లీ బిడ్డలు కావాలంటే, భారం ఎవరిది?

మన పల్లెల్లో "ఆపరేషనైందా?" అని అడిగేది ఆడవాళ్లనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన స్త్రీలలో 37.9 శాతం మంది తామే కు.ని. ఆపరేషన్ చేయించుకున్నారు. భర్త చేయించుకున్నవారు 0.3 శాతమే.

ఆ కొద్దిమంది భర్తలకు మళ్లీ బిడ్డలు కావాలంటే? కోసిన వీర్యనాళాలను తిరిగి కలపొచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ ఫలించే అవకాశం తగ్గుతుంది. లేదా వృషణం నుంచి వీర్యకణాలు తీసి ల్యాబులో అండంతో కలపొచ్చు. అప్పుడు ఏ లోపమూ లేని భార్యే సూదులు, మత్తు భరించాలి. దత్తత మూడో దారి.

ల్యాబు పద్ధతికి ఇద్దరి రాతపూర్వక అంగీకారం ఉండాలని 2021 చట్టం చెబుతోంది. నేను కోరేదొకటే: వేలిముద్ర వేయించేముందు మూడు దారులూ ఆమెకు వివరించండి. వద్దనే హక్కు ఆమెకుంది.