సందు చివరి ఇంటికీ దారి కావాలి

అవతలికి దారిలేని సందులో ఒక్క కారు అడ్డంగా నిలిపినా చుట్టూ తిరిగి వెళ్లే వీలుండదు. చివరి ఇంట్లో పెద్దాయనకు అర్ధరాత్రి ఛాతీనొప్పి వస్తే, 108 అంబులెన్స్ సందు మొదట్లోనే ఆగిపోతుంది. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే.

మన ఇంటి ముందున్న రోడ్డు మన సొంతం కాదు, నిజమే. కానీ గేటుకు అడ్డంగా బండి పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఇతరులకు ఆటంకం కలిగేలా బహిరంగ స్థలంలో వాహనం నిలపకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. 127వ సెక్షన్ కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అలాంటి బండిని అక్కణ్నుంచి లాగించేయవచ్చు. ఆ ఖర్చు యజమానిదే.

అయితే ముందే పోలీసుల దాకా వెళ్లకండి. తీరిక వేళ చూసి, "అన్నా, బండి కాస్త గోడవారగా పెట్టండి, అమ్మకు ఒంట్లో బాగుండట్లేదు" అని కారణం చెప్పి అడగండి. కోపంతో టైర్లలో గాలి మాత్రం తీయకండి, తప్పు మీదవుతుంది. వినకపోతే కాలనీ సంక్షేమ సంఘంలో మాట్లాడి, సందు చివర బండ్లు తిప్పుకునే చోటు ఖాళీగా ఉంచేలా అందరినీ ఒప్పించండి. అప్పటికీ దారి ఇవ్వకపోతే, నంబరు కనిపించేలా ఫొటో తీసి ట్రాఫిక్ పోలీసులకు ఫిర్యాదు చేయండి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి.