టెండరు పనుల విభజన – దాని వలన వచ్చు తగవులు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఇంజనీరును కాను, న్యాయవాదిని అంతకంటె కాను. ప్రచార శాఖలో పనిచేయువాడను. గ్రామములు తిరుగుట, రచ్చబండపై కూర్చుండుట, చెప్పుదానికంటె ఎక్కువ వినుట నా వృత్తి. అట్లు విన్న తగవు నొకదానిని నేడు మీ ముందుంచ దలచితిని. ఆ ఊరి పేరు చెప్పను. మీలో కొందరికి అది మీ ఊరే యనిపించినను ఆశ్చర్యము లేదు.

ఆ పంచాయతీవారు ఒక సిమెంటు రోడ్డు, దాని ప్రక్కన మురుగు కాలువ, చివర వాగుపై చిన్న కల్వర్టు, ఈ మూడింటిని ఒకే పనిగా చూపి టెండర్లు పిలిచిరి. ఇద్దరు కంట్రాక్టర్లు ముందుకు వచ్చిరి. లెక్క సులువుగా నుండుటకు అంకెలను గుండ్రముగా చెప్పుచున్నాను. మొదటివాడు రోడ్డుకు 11 లక్షలు, కాలువకు 5 లక్షల 70 వేలు, కల్వర్టుకు 2 లక్షల 30 వేలు వ్రాసెను. మొత్తము 19 లక్షలు. రెండవవాడు రోడ్డుకు 12 లక్షల 10 వేలు, కాలువకు 5 లక్షల 60 వేలు, కల్వర్టుకు లక్షా 90 వేలు వ్రాసెను. మొత్తము 19 లక్షల 60 వేలు.

తక్కువ ధర మొదటివానిదే. పని అతనికి ఈయవలసినది. కాని సభ్యులలో లెక్కలు తెలిసిన ఒకరు కాగితము తీసికొని, రోడ్డు మొదటివానికి, కాలువ, కల్వర్టు రెండవవానికి ఇచ్చినచో 18 లక్షల 50 వేలకే పని యగునని చూపిరి. ఊరికి 50 వేలు మిగులునన్న మాట. చెప్పినవారి ఉద్దేశములో దోషము లేదు. సభ సంతోషించి అట్లే తీర్మానించినది.

ఉత్తరువు అందినంతనే మొదటివాడు వచ్చి, "రోడ్డులో నాకు మిగులు లేదు. కల్వర్టులో వచ్చు లాభమును చూచుకొని రోడ్డు ధర తగ్గించితిని. మిక్సరు, మనుష్యులు ఒకసారి దిగిన మూడు పనులును జరుగునని లెక్క వేసితిని. ఒక్క రోడ్డు నాకు వద్దు" అనెను. రెండవవాడును అదే పాట పాడెను. అతనికి లాభము రోడ్డులో నున్నది. పంచాయతీవారు కోపించి, మొదటివాని ధరావతు జప్తు చేయుదుమనిరి. అతడు వకీలును చూచెను. ఇంతలో వానలు వచ్చినవి. వాగు దాటవలసిన పిల్లలు ఆ సంవత్సరము కూడ చెప్పులు చేతబట్టుకొని బడికి పోయిరి. మిగిలిన 50 వేలు కాగితముపైననే మిగిలినవి.

తప్పు ఎవరిది? మన దేశములో ఒప్పందములకు ఆధారము 1872 నాటి కాంట్రాక్టు చట్టము. అందలి 7వ సెక్షను ప్రకారము అంగీకారము సంపూర్ణముగాను, షరతు లేనిదిగాను ఉండవలెను. మూడు పనులకు కలిపి ఒక ధర చెప్పినవానితో "ఒక్కటే తీసికొంటిమి" అనుట అంగీకారము కాదు, క్రొత్త బేరము. ఆ బేరమునకు ఒప్పుకొనుటయు, ఒప్పుకొనకపోవుటయు అతని ఇష్టము. ఒప్పుకొననివాడు టెండరును వెనుకకు తీసికొన్నట్లు కాదు. కనుక ధరావతును జప్తు చేయుటకు ఆధారము దొరకుట కష్టము.

అయినచో పనిని విభజించుటకు వీలే లేదా? ఉన్నది. కాని ఆ మాట ముందుగా చెప్పవలెను. కేంద్ర ప్రజాపనుల శాఖవారి టెండరు నోటీసులో ఒక షరతు కలదు. టెండరును మొత్తముగా గాని, అందులో ఏ భాగమునైనను గాని అంగీకరించు హక్కు అధికారికి ఉన్నదనియు, ఆ భాగమును తాను వ్రాసిన ధరకే చేయుటకు టెండరుదారు కట్టుబడవలెననియు దాని సారాంశము. ఆ షరతు చదివినవాడు ఒకదాని నష్టమును మరొకదానిలో పూడ్చుకొను లెక్క వేయడు. ప్రతి పనికిని దానికి తగిన ధరయే వ్రాయును. ఈ పంచాయతీవారి నోటీసులో ఆ వాక్యమే లేదు. పాత నోటీసును చూచి వ్రాయుటలో జారిపోయినదట!

అంతకంటె మంచి పద్ధతి, ప్రతి భాగమునకు వేరు అంచనా వేయించి, ఒకటికి గాని అన్నింటికి గాని ధర వ్రాయవచ్చునని నోటీసులోనే తెలుపుట. అన్నియు తనకే ఇచ్చినచో ఎంత తగ్గించునో కూడ కంట్రాక్టరు అందే వ్రాయును. ప్రపంచ బ్యాంకు ఋణముతో జరుగు పెద్ద పనులలో ఈ పద్ధతి వాడుకలో నున్నది. చిన్న ఊరి కాలువకు అది పనికిరాదనుట సరికాదు. ఏ లెక్కన తక్కువ ధరను నిర్ణయింతురో మాత్రము తప్పక వ్రాయవలెను. అంచనాపై ఇంత శాతము ఎక్కువ, ఇంత తక్కువ అని వ్రాయు టెండర్లలో మరింత జాగ్రత్త కావలెను. ఆ శాతము మొత్తము పనిని చూచి వేసినది. ముక్కకు అది అతుకదు.

విభజనలో మరొక వంక కూడ గలదు. పెద్ద పనిని ముక్కలు చేసి, పై అధికారి మంజూరు అక్కరలేనంత చిన్నదిగా చూపుట. ఒకే ప్రణాళికకు చెందిన పనుల సమూహమును మంజూరు విషయములో ఒకే పనిగా భావింపవలెనని కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమములు చెప్పుచున్నవి. దీనిపై ఎక్కువ చెప్పను. ఎవరి సంగతి వారికి తెలియును.

న్యాయస్థానముల తీర్పులు రెండు మూడు మీరు ఎరిగియుండుట మంచిది. బొంబాయి విమానాశ్రయములోని భోజనశాల టెండరు విషయమున 1979లో సుప్రీంకోర్టు, నోటీసులో తాను పెట్టిన నియమమునకు ప్రభుత్వ సంస్థ తానే కట్టుబడవలెనని చెప్పినది. అయినను ఫిర్యాదుదారు ఆలస్యముగా వచ్చెననియు, పని పొందినవారు అప్పటికే సొమ్ము వెచ్చించిరనియు ఆ కేటాయింపును రద్దు చేయలేదు. 1994లో టాటా సెల్యులార్ కేసులో, టెండరు నిర్ణయము మంచిదా చెడ్డదా యని కాక, నిర్ణయించిన పద్ధతి న్యాయమైనదా కాదా యని మాత్రమే కోర్టు చూచునని స్పష్టపరచినది. కనుక మీ తీర్మానములో కారణములు వ్రాసియుంచుట మీకే రక్షణ.

ఒప్పందము వ్రాసికొన్న పిదప ముక్క తీసి మరొకనికిచ్చుట ఇంకను ప్రమాదము. గుజరాత్ రాష్ట్రములో రాజకోట–జామ్‌నగర్ రోడ్డు పనిని ప్రభుత్వము అన్యాయముగా రద్దు చేసినదని తేలగా, మిగిలిన పనిపై రావలసిన లాభమును నూటికి 15 వంతున కంట్రాక్టరునకు నష్టపరిహారముగా ఈయవలెనని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చేయని పనికి లాభము చెల్లించవలసి వచ్చిన ఏ గ్రామ పంచాయతీ తట్టుకొనగలదు?

టెండర్లు తెరచిన తరువాత నిధులు చాలవని తెలిసినచో ఏమి చేయవలెనని మొన్న ఒక సర్పంచి గారు అడిగిరి. తక్కువ ధర వ్రాసినవానిని పిలిచి, పని తగ్గించినను అదే ధరకు చేయుటకు అతడు ఇష్టపడినచో ఆ మాట వ్రాతపూర్వకముగా తీసికొని, ఇంజనీరు అభిప్రాయముతో పై అధికారి అనుమతికి పంపవచ్చును. ఇష్టపడనిచో ధరావతు తిరిగి ఇచ్చి, టెండరు రద్దుచేసి, ఉన్న నిధులకు తగిన పనికి మరల పిలువవలెను. నెల ఆలస్యమగును. కోర్టులో సంవత్సరములు పోవుటకంటె నెల మేలు గదా. రెండవవానితో చాటున మాటలాడుట మాత్రము వలదు.

పనిని నిజముగా ఇద్దరికి పంచినపుడు కూడ, రోడ్డు అంచు కాలువ గోడను తాకుచోట ఎవరి బాధ్యత ఎంతవరకో ఒప్పందములో వ్రాయింపుడు. రోడ్డువాని లారీ కాలువ గోడను విరిచినది. నాది కాదనువారే ఇద్దరును. ఇట్టి గోడను నేను స్వయముగా చూచితిని. దానిని చివరకు ఊరివారే కట్టుకొనిరి.

మధ్యాహ్న భోజనానంతరము పంచాయతీరాజ్ ఇంజనీరు గారు నమూనా నోటీసులతో ఇక్కడనే ఉందురు. మీ మీ ఊళ్లలో ఇటీవల పిలిచిన టెండరు నోటీసులు తెచ్చినవారు వానిని వారికి చూపి, భాగములను గూర్చిన షరతు ఉన్నదో లేదో చదివించుకొనుడు.